టెక్ సందేహాలు: ఎన్‌ఎఫ్‌టీ కొనే ముందే అమ్మకం సంగతి తేల్చుకోండి

ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో మూడు ఎన్‌ఎఫ్‌టీల గురించే, అంటే ఒక బొమ్మ వంటి డిజిటల్ వస్తువుకు గుర్తుగా బ్లాక్‌చెయిన్‌లో (అందరూ చూడగల ఉమ్మడి డిజిటల్ పద్దు) నమోదయ్యే టోకెన్ల గురించే ఉన్నాయి. మూడూ ఒకదానితో ఒకటి ముడిపడినవే కాబట్టి ఒకేచోట సమాధానం ఇస్తున్నాను. కష్టార్జితం పెట్టబోతున్న పాఠకుడు అడిగినది కావడంతో మొదటి ప్రశ్నకు ఎక్కువ స్థలం కేటాయించాను.

ప్రశ్న: ఖమ్మంలో ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. లక్ష రూపాయలు పక్కన పెట్టి ఎన్‌ఎఫ్‌టీలు కొని, ధర పెరిగినప్పుడల్లా అమ్ముతూ ఉండాలనుకుంటున్నాను. షేర్లలో కొంత అనుభవం ఉంది. ఎటువంటి వ్యూహం పెట్టుకోవాలి?

జవాబు: షేర్ల అనుభవం మీకు కొంతవరకు ఉపయోగపడుతుంది, కానీ ఒక విషయంలో అదే మిమ్మల్ని తప్పుదోవ పట్టిస్తుంది. పేరున్న కంపెనీ షేరును అమ్మాలనుకుంటే మార్కెట్ తెరిచి ఉన్న ఏ నిమిషంలోనైనా కొనేవారు దొరుకుతారు. ఎన్‌ఎఫ్‌టీ విషయంలో మీ చేతిలోని ఆ ఒక్క బొమ్మ కావాలనుకునే మనిషి ఎదురుపడితేనే అమ్మకం జరుగుతుంది. ట్విటర్ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాక్ డోర్సీ తొలి ట్వీట్ 2021 మార్చిలో ఎన్‌ఎఫ్‌టీగా సుమారు 29 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. కొన్న వ్యక్తి మరుసటి ఏడాది ఏప్రిల్‌లో దానికి 4.8 కోట్ల డాలర్ల ధర చెప్పి వేలానికి పెడితే, గడువు ముగిసే సమయానికి వచ్చిన అతి పెద్ద బిడ్ సుమారు 280 డాలర్లు మాత్రమే.

అందువల్ల ఏ కలెక్షన్‌ను (ఒకే పేరుతో విడుదలైన ఎన్‌ఎఫ్‌టీల వరుస) చూసినా అందరూ చెప్పుకునే ఫ్లోర్ ప్రైస్‌తో మొదలుపెట్టకండి. అది అమ్మకానికి పెట్టినవాటిలో అన్నింటికంటే తక్కువ ధర, అంటే అమ్మేవారు అడుగుతున్న మొత్తం. ఈ క్షణంలో ఎవరైనా డబ్బు సిద్ధంగా పెట్టుకుని ఇస్తానంటున్న అత్యధిక ఆఫర్ ఎంత అన్నది దాని పక్కనే కనిపిస్తుంది. మీ ఎన్‌ఎఫ్‌టీకి ఈరోజు విలువ ఏదైనా ఉందంటే అది ఆ ఆఫరే. ఈ రెండింటి మధ్య తేడా చాలా ఎక్కువగా ఉన్న కలెక్షన్ జోలికి వెళ్లకండి. ఆ తరువాత గత 30 రోజుల్లో ఎన్ని అమ్మకాలు జరిగాయో, అవి ఎన్ని వేర్వేరు వాలెట్ల (క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీలు ఉంచుకునే డిజిటల్ ఖాతాలు) మధ్య జరిగాయో చూడండి. నాలుగైదు వాలెట్లే ఒకదాని నుంచి మరొకటి కొంటూ, తిరిగి వాటికే అమ్ముతూ ఉంటే అది గిరాకీ ఉన్నట్టు నమ్మించడానికి చేసే వాష్ ట్రేడింగ్ కావచ్చు. సంతలో ఎద్దును కొనే రైతు అమ్మేవాడి మాటలు వింటూనే పళ్లు పట్టి చూస్తాడు. బ్లాక్‌చెయిన్‌లో ప్రతి లావాదేవీ ఎవరికైనా కనిపించేలా నమోదవుతుంది కాబట్టి, ఆ పరీక్ష మీరు ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చు.

కలెక్షన్ అసలుదో కాదో కూడా చూడాలి. ఎన్‌ఎఫ్‌టీల క్రయవిక్రయాల సైటు ఓపెన్‌సీలో ఉచితంగా మింట్ చేసుకునే, అంటే కొత్త ఎన్‌ఎఫ్‌టీ సృష్టించుకునే, సౌకర్యంతో తయారైనవాటిలో 80 శాతానికి పైగా కాపీలు, నకిలీ కలెక్షన్లు లేదా స్పామ్ అని 2022 జనవరిలో ఆ సంస్థే చెప్పింది. పేరు, బొమ్మ చూసి నమ్మకుండా, సృష్టికర్తల అధికారిక వెబ్‌సైట్‌లో ఇచ్చిన కాంట్రాక్ట్ అడ్రస్‌తో (బ్లాక్‌చెయిన్‌లో ఆ కలెక్షన్‌ను నడిపే ప్రోగ్రాము చిరునామా) అక్షరం అక్షరం పోల్చి చూసుకోండి.

ధర చాలాసార్లు ఈథర్లలో, అంటే ఈథీరియం బ్లాక్‌చెయిన్‌లో వాడే క్రిప్టో కరెన్సీలో, ఉంటుందన్నది మరో చిక్కు. బోర్డ్ ఏప్ యాట్ క్లబ్ అనే కలెక్షన్ బొమ్మలు 2021 ఏప్రిల్‌లో ఒక్కొక్కటి 0.08 ఈథర్‌కు మింట్ అయ్యాయి. 2022 వేసవి నాటికి వాటి ఫ్లోర్ ప్రైస్ 140 ఈథర్లు దాటింది, 2023 జులై నాటికి 30 కంటే దిగువకు పడింది. ఆ మధ్యకాలంలో ఈథర్ ధర కూడా బాగా పడిపోయింది. అంటే మీరు బొమ్మ మీద ఒక పందెం, ఈథర్ మీద మరొక పందెం కాస్తున్నట్టే. అందుకే లెక్కలన్నీ రూపాయల్లోనే రాసుకోండి.

ఇక మన దేశంలో ఉన్నవారు వ్యూహాన్ని నిజంగా నిర్ణయించుకోవలసింది పన్ను దగ్గర. ఈ మాట నేను గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే విదేశీయులు చేసిన వీడియోల్లో ఇది ఉండదు. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో, ఎన్‌ఎఫ్‌టీల వంటి వర్చువల్ డిజిటల్ ఆస్తులపై వచ్చే లాభానికి 30 శాతం పన్ను, దానిపై 4 శాతం సెస్ కలిపి 31.2 శాతం కట్టాలి. కొన్న ధర తప్ప మరే ఖర్చునూ మినహాయించుకోనివ్వరు. ఒకదానిపై వచ్చిన నష్టాన్ని మరొకదానిపై వచ్చిన లాభంలో తీసివేయడానికి గానీ, వచ్చే ఏడాదికి మోసుకుపోవడానికి గానీ వీల్లేదు.

మీ లక్షతోనే లెక్క వేద్దాం. 20,000 చొప్పున ఐదు కొన్నారు. రెండింటిని 45,000 చొప్పున అమ్మారు, మిగిలిన మూడింటిని 5,000 చొప్పున వదిలించుకున్నారు. చేతికి వచ్చింది 1,05,000. చూడటానికి 5,000 లాభం. కానీ పన్ను రెండు అమ్మకాల్లో వచ్చిన 50,000 లాభం మీద పడుతుంది, అది 15,600. మూడింటిలో పోయిన 45,000 ఎవరికీ పట్టదు. చివరికి మీ జేబులోంచి 10,600 పోయినట్టు. గెలిచిన ప్రతిసారీ 25 శాతం లాభం, ఓడిన ప్రతిసారీ 25 శాతం నష్టం వస్తుందనుకున్నా, పెట్టిన డబ్బు పెట్టినట్టే మిగలాలంటే పదింటిలో దాదాపు ఆరుసార్లు గెలవాలి. మార్కెట్ ప్లేస్ కమీషను, గ్యాస్ ఫీజు (బ్లాక్‌చెయిన్‌లో లావాదేవీ నమోదుకు కట్టే రుసుము) ఇందులో కలపనే లేదు.

ఇంకొక సంగతి చాలామందికి తెలియదు. ఈథర్ ఇచ్చి ఎన్‌ఎఫ్‌టీ కొనడం అంటే పన్ను దృష్టిలో ఆ ఈథర్‌ను అమ్మినట్టే. మీరు 60,000 పెట్టి కొన్న ఈథర్ విలువ, బొమ్మ కొనే రోజుకు 80,000 అయితే ఆ 20,000 మీద పన్ను కట్టాలి, చేతిలోకి ఒక్క రూపాయి రాకపోయినా సరే. ఇది కాక 2022 జులై 1 నుంచి ఇలాంటి లావాదేవీలపై 1 శాతం టీడీఎస్ కూడా ఉంది, అయితే దానిని రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోవచ్చు.

కాబట్టి నా సలహా ఏమిటంటే, ధర పెరిగినప్పుడల్లా అమ్ముతూ ఉండాలన్న ఆలోచన మానుకోండి. ఆ పద్ధతి మన పన్ను నియమాల కింద నిలబడదు. లక్షలో పాతిక వేలు మాత్రమే, అది పూర్తిగా పోయినా ఇంటి ఖర్చుకు ఇబ్బంది రాదనుకుంటేనే, కేటాయించండి. ఏడాదికి ఒకటో రెండో కొనండి, అదీ అమ్ముడుపోకపోయినా దగ్గర ఉంచుకోవాలని మనస్ఫూర్తిగా అనిపించినవి. కొన్న రోజునే ఎంత ఆఫర్ వస్తే అమ్ముతారో పన్ను పోగా లెక్క కట్టి రాసుకోండి. ఈథర్‌ను కేంద్ర ప్రభుత్వపు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్ దగ్గర నమోదైన భారతీయ ఎక్స్ఛేంజీలోనే తీసుకోండి. ప్రతి లావాదేవీ తేదీ, ఆ రోజు ఈథర్ రూపాయి విలువ, ట్రాన్సాక్షన్ హ్యాష్ (లావాదేవీ గుర్తింపు కోడ్) ఒక ఎక్సెల్ షీటులో పెట్టుకుంటే, రిటర్న్‌లో ఈ ఆస్తుల కోసం ఉన్న ప్రత్యేక షెడ్యూల్ నింపేటప్పుడు వెతుక్కోవలసిన పని ఉండదు.

ప్రశ్న: విజయవాడలో బొమ్మలు వేసే వృత్తిలో ఉన్నాను. ఎన్‌ఎఫ్‌టీ కొంటే ఆ బొమ్మ నా సొంతమైనట్టేనా? వెబ్‌సైట్ మూతపడితే ఏమవుతుంది?

జవాబు: మీ సొంతమయ్యేది టోకెన్. అంటే ఫలానా కాంట్రాక్టులో ఫలానా నంబరు ఈ వాలెట్‌కు చెందినదన్న నమోదు. ప్రత్యేకంగా లైసెన్సులో రాసి ఇస్తే తప్ప కాపీరైట్ కళాకారుల దగ్గరే ఉంటుంది. మీరు కళాకారిణి కాబట్టి, అమ్మే పక్షాన నిలబడినప్పుడు ఈ నియమం మీకు రక్షణ కూడా.

బొమ్మ చాలాసార్లు బ్లాక్‌చెయిన్ మీద ఉండదు, టోకెన్‌లో దాని చిరునామా మాత్రమే ఉంటుంది. 2022 నవంబరులో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజీ కూలిపోయాక, ఆ సంస్థ సర్వర్లను నమ్ముకున్న ఎన్‌ఎఫ్‌టీల బొమ్మలు కనిపించకుండా పోయాయి. 2025 ఏప్రిల్‌లో ఖరీదైన క్లోన్‌ఎక్స్ కలెక్షన్ బొమ్మల స్థానంలో కొంతసేపు ఇంటర్నెట్ సేవల సంస్థ క్లౌడ్‌ఫ్లేర్ హెచ్చరిక వాక్యం కనిపించింది. టోకెన్లు మాత్రం యజమానుల దగ్గర భద్రంగానే ఉన్నాయి. కొనే ముందు ఈథీరియం లావాదేవీలను చూపించే ఈథర్‌స్కాన్ సైటులో ఆ కాంట్రాక్టు పేజీ తెరిచి, రీడ్ కాంట్రాక్ట్ విభాగంలో టోకెన్ యూఆర్‌ఐ (బొమ్మ వివరాలు ఉన్న చోటు చిరునామా) దగ్గర టోకెన్ నంబరు ఇచ్చి చూడండి. మామూలు వెబ్ చిరునామా వస్తే ఆ సర్వర్ అద్దె ఎవరో ఒకరు కడుతున్నంత కాలమే బొమ్మ ఉంటుంది. ఫైళ్లను ఒకే సర్వర్‌లో కాక చాలా కంప్యూటర్లలో ఉంచగలిగే ఐపీఎఫ్‌ఎస్ వ్యవస్థ చిరునామా అయితే మెరుగు, కానీ అక్కడ కూడా ఫైలును ఎవరో ఒకరు నిలిపి ఉంచాలి. క్రిప్టోపంక్స్ అనే కలెక్షన్ బొమ్మలను 2021 ఆగస్టులో నేరుగా ఈథీరియం మీదికే చేర్చారు, మన్నిక విషయంలో అంతకంటే గట్టి పద్ధతి లేదు.

ప్రశ్న: వరంగల్ నుంచి రాస్తున్నాను. నేను కొనని ఎన్‌ఎఫ్‌టీ ఒకటి నా వాలెట్‌లో కనిపిస్తోంది, దానికి పెద్ద ఆఫర్ కూడా వచ్చింది. అమ్మవచ్చా?

జవాబు: అమ్మకండి, దానిలో ఉన్న లింకును తెరవకండి, హైడ్ చేసి వదిలేయండి. వాలెట్ అడ్రస్ తెలిస్తే ఎవరైనా దేనినైనా పంపవచ్చు. ఆ ఆఫర్‌ను ఒప్పుకోబోతే మిమ్మల్ని వేరే సైటుకు తీసుకువెళ్లి ఒక సంతకం అడుగుతారు. అది సెట్ అప్రూవల్ ఫర్ ఆల్ అనే అనుమతి అయితే, ఆ కలెక్షన్‌లో మీకున్నవన్నీ ఎప్పుడైనా తరలించుకునే అధికారాన్ని మీ చేతులతో మీరే రాసి ఇచ్చినట్టు. 2022 ఫిబ్రవరిలో ఓపెన్‌సీ వినియోగదారులు 17 మంది ఇలాగే, ఏమిటో తెలియకుండా చేసిన సంతకాల వల్ల తమ ఎన్‌ఎఫ్‌టీలు పోగొట్టుకున్నారు.

ఇప్పటికే ఏదైనా సంతకం చేసి ఉంటే రివోక్ క్యాష్ వంటి సైటులో వాలెట్ అనుమతులు చూసి, తెలియనివాటిని వెంటనే రద్దు చేయండి. వాలెట్‌కు తాళంచెవి లాంటి 12 లేదా 24 పదాల సీడ్ ఫ్రేజ్‌ను ఎక్కడైనా టైప్ చేసి ఉంటే రద్దు చేయడం సరిపోదు, కొత్త సీడ్ ఫ్రేజ్‌తో కొత్త వాలెట్ తెరిచి మిగిలినదంతా దానిలోకి మార్చాలి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేయండి, ట్రాన్సాక్షన్ హ్యాష్, ఎదుటి వాలెట్ అడ్రస్, ఆ సైటు స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని ఫిర్యాదులో ఇవ్వండి.