జడ గీయబోతున్న మనవరాలికి

చిన్నీ,

నిన్న సాయంత్రం మా అక్క, అంటే మీ నానమ్మ, చెప్పింది, నువ్వు తన జడను పెన్సిలుతో గీసి సంక్రాంతికి పటం కట్టించి ఇస్తావట. విన్నప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు. మన ఇంట్లో నా తర్వాత పెన్సిలు పట్టింది నువ్వే కదా. అయితే, ‘వెనక నుంచి ఫోనులో ఒక ఫొటో తీసుకుని వెళ్లిపోయింది’ అని కూడా అంది. ఆ మాటకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

సరంజామాకు పెద్దగా ఖర్చు పెట్టకు. కాస్త గరుకున్న కాగితం, హెచ్‌బి, దానికన్నా నల్లని 2బి, ఇంకా నల్లని 6బి పెన్సిళ్లు, ముద్దలా పిసికే రబ్బరు ఉంటే చాలు. ముందు జడ వంపు, తర్వాత పాయలు, అన్నిటికన్నా చివర వెంట్రుకలు.

1974లో నాకు 20 ఏళ్లు. మద్రాసు మైలాపూరులో రెండు గదుల ఇల్లు మనది. అక్కకు పెళ్లి కుదిరింది. అత్తారింటికి వెళ్లేలోగా నడుము దాటిన ఆ జడను గీసి దాచుకోవాలనుకున్నాను. కూర్చోమని అడగడానికి సిగ్గు. దూరం నుంచి చూసి, గుర్తున్నంత మేరకు రాత్రిళ్లు గీశాను. పెన్సిలును సూదిలా చెక్కి ఒక్కొక్క వెంట్రుకే వేసుకుంటూ పోయాను. పదకొండు రాత్రులు! నలుపు చాలలేదని వేలితో రుద్దాను. వేలి జిడ్డు అంటి మచ్చలు పడ్డాయి, రబ్బరుకు కూడా పోలేదు. అక్క ఆ బొమ్మను చాలాసేపు చూసింది. “ఎంత కష్టపడ్డావురా! కానీ ఇది బావి చేంతాడులా ఉంది” అంది.

అప్పటికప్పుడు జడ విప్పి, జుట్టు భుజం మీదుగా ముందుకు తెచ్చుకుని, మూడు పాయలు చేసి ఒకటి నా చేతిలో పెట్టింది. తన చేతిలోని అంచు పాయ నడిమి దాని మీదుగా వచ్చి తానే నడిమిదైంది. తర్వాత నా చేతిలోది దాని మీదుగా వెళ్లింది. మళ్లీ అటువైపుది. నా పాయ మరో పాయ కిందికి దూరినప్పుడు విషయం అర్థమైంది. నేను పాయలన్నిటినీ ఒకే వైపు మెలితిప్పాను, తాడు పేనినట్టు. జడలో ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి వచ్చి నడుమ కలుస్తాయి, గోధుమ కంకిలో గింజల్లా.

నీడ కూడా అక్కడే పుడుతుంది. పాయ ఉబ్బిన చోట వెలుగు, పక్కదాని కిందికి దూరే చోట చిక్కని నలుపు. మెరుపు వెంట్రుకల వెంట సాగదు, వాటికి అడ్డంగా పట్టీలా పడుతుంది. అక్కడ కాగితాన్ని ముట్టకు. సందులో గట్టిగా మొదలుపెట్టి, ఉబ్బు దగ్గరికి వచ్చేసరికి చేయి తేలిక చెయ్యి. జడ మొత్తం కూడా గుండ్రనిదేనమ్మా. వెలుగు ఎడమ నుంచి వస్తుంటే కుడి అంచు పాయలన్నిటి మీదా ఇంకో పలుచని పూత వెయ్యాలి. ఎగ్మూరు మ్యూజియంలో కంచు విగ్రహాల వెనక్కి వెళ్లి, భుజాల మీద వాలిన కురులు చూడు. ఆ శిల్పులు వెంట్రుకలు లెక్కపెట్టలేదు, పాయలను చూశారు.

ఫోనులో ఏముందని చూస్తావు? ఫ్లాష్ వెలిగితే సందుల్లో నీడే ఉండదు. అక్కడ నువ్వు ఊహించి గీతలు వేస్తావు, నేను వేసినట్టే. వేళచ్చేరిలో రైలెక్కితే మైలాపూరు స్టేషను తిరుమయిలైలో దిగడమే, అంతకూడా తీరిక లేదా? కోప్పడుతున్నానని అనుకోకు. పెళ్లి పనుల్లో పడి ఆ బొమ్మను నేను మళ్లీ గీయలేదు. ‘అక్క ఎక్కడికి పోతుంది, పండుగకు వస్తుందిగా’ అనుకున్నాను. పండుగలకు వచ్చింది, పిల్లలతో, పనులతో. ఆ నల్లని జడ బొమ్మ నా దగ్గర లేదు.

ఇప్పుడు అక్క జడ చిటికెన వేలంత అయింది, తెల్లబడింది. ‘ఈ పిలకను గీయడమేమిటి’ అంటుంది కానీ, నువ్వు అడిగిన రోజు నుంచి రోజూ కొబ్బరినూనె రాస్తోంది. నువ్వు దాన్ని ఒత్తుగా, నల్లగా మార్చకు తల్లీ. తెల్లజుట్టుకు కాగితమే వెలుగు. హెచ్‌బి చాలు, సందుల్లో మాత్రం 2బి. 6బిని డబ్బాలోనే ఉంచు.

ఆదివారం పొద్దున తొమ్మిదికల్లా రా. అక్క తలంటుకుని తూర్పు కిటికీ దగ్గర కూర్చుంటుంది. గీసే ముందు ఒక పాయ నువ్వు పట్టుకో.

మీ తాతయ్య