14 అడుగుల మిద్దెకు పెద్ద ఫ్యాను కాదు, పొడుగు రాడ్డు కావాలి

"చిత్తూరులో మాది పాతకాలం మిద్దె, సీలింగు 14 అడుగుల ఎత్తు. ఫ్యాను 5లో పెట్టినా కింద పడుకున్నవాళ్లకు గాలి తగలదు. 1400 ఎంఎం ఫ్యాను కొంటే సరిపోతుందా, ఏసీయే పెట్టించుకోవాలా?" అని మీ ప్రశ్న. ఫ్యాను మార్చొద్దు. ఏసీ జోలికి ఇప్పుడే పోవద్దు. రాడ్డు మార్చండి చాలు.

ఫ్యానుతో పాటు డబ్బాలో వచ్చే రాడ్డు అడుగుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. అది 10 అడుగుల స్లాబుకు సరిపోయే కొలత. దాన్నే 14 అడుగుల మిద్దెకు తగిలిస్తే రెక్కలు పన్నెండున్నర అడుగుల దగ్గర తిరుగుతాయి. రెక్క తోసిన గాలి కిందికి దిగేకొద్దీ పక్కలకు పరుచుకుని వేగం పోగొట్టుకుంటుంది. చాప మీద పడుకున్న మనిషి దగ్గరికి వచ్చేసరికి దాంట్లో పస ఉండదు. ఫ్యాను గదిని చల్లబరచదు కదా, ఒంటి మీది చెమటను ఆరబెడుతుంది, అంతే. అందుకే ఒంటికి తగిలేచోట గాలి వేగం ఎంతన్నదే లెక్క. 1400 ఎంఎం ఫ్యాను గాలి కొంచెం ఎక్కువే ఇస్తుంది, కానీ ఎత్తు వల్ల పోయింది దాంతో తిరిగి రాదు. అంగట్లో 'హై స్పీడ్' అని రాసిన డబ్బా చేతిలో పెడతారుగానీ "మీ మిద్దె ఎంత ఎత్తు?" అని అడిగేవాళ్లు తక్కువ.

కొలత ఇలా తీసుకోండి. సీలింగు నుంచి కాదు, కొక్కెం నుంచి నేల దాకా కొలవాలి. కొక్కెం దూలానికి ఉంటే 14కు బదులు 13 అడుగులే రావచ్చు. అందులో 9 అడుగులు తీసేయండి, రెక్కలు ఉండాల్సిన ఎత్తు అది. మిగిలినదాంట్లో మోటారుకూ కొక్కేనికీ కలిపి ఓ అర అడుగు తీసేస్తే రాడ్డు పొడుగు తేలుతుంది. కొక్కెం 13 అడుగుల్లో ఉంటే మూడున్నర అడుగులు, 14లో ఉంటే నాలుగున్నర. సరిగ్గా ఆ కొలత దొరక్కపోతే పొట్టిదే తీసుకోండి. హాల్లో ఎనిమిదిన్నర దాకా దించినా పర్వాలేదు. మంచం ఉన్న గదిలో మాత్రం 9 కంటే దించొద్దు. అడుగున్నర మంచం మీద నిలబడి దోమతెర కట్టడానికి చేతులెత్తితే వేళ్లు ఎనిమిదిన్నర అడుగులు దాటిపోతాయి. అటక మీదికి నిచ్చెన వేసుకునే చోటుకూ రెక్కలు దూరంగా ఉండాలి.

అన్నిటికంటే ముందు చూడాల్సింది కొక్కెం. ఫ్యాను బరువు మహా అయితే ఐదారు కిలోలు, బరువుతో ఇబ్బంది లేదు. రాడ్డు పొడుగయ్యేకొద్దీ ఊపు పెరిగి కొక్కెం మీద పడుతుంది, అదీ ఏళ్ల తరబడి. దూలం కొయ్యదైతే కొక్కెం చుట్టూ స్క్రూడ్రైవరుతో గట్టిగా పొడిచి చూడండి. మొన సర్రున దిగిందంటే లోపల చెదలు తినేశాయి, అక్కడ తగిలించొద్దు. గట్టిగా ఉన్నా మర తిప్పి కొయ్యలోకి దించిన కొక్కేన్ని నమ్మొద్దు. ఆ మర కొద్దికొద్దిగా వదులవుతూ వస్తుంది, అది కింది నుంచి కంటికి కనపడదు. దూలాన్ని చుట్టుకునేలా ఇనుప పట్టీ చేయించి రెండు పక్కలా బోల్టులు బిగించాలి, లేదంటే దూలంలో ఈ పక్క నుంచి ఆ పక్కకు బోల్టు దూర్చి వెడల్పు వాషర్లు వేయాలి. ఇనుప గర్డరైతే గర్డరు క్లాంపు దొరుకుతుంది. దంతెల (దూలాల మీద అడ్డంగా పరిచే కొయ్యల) మధ్య ఇటుకా సున్నం ఉండే చోట డ్రిల్లు పెట్టి యాంకరు (రంధ్రంలో బిగుసుకునే బోల్టు) వేయడం మాత్రం వద్దు, సున్నంలో అది పట్టు నిలవదు. కాంక్రీటు స్లాబులో కొక్కెం లేకపోతేనే 10 ఎంఎం యాంకర్ బోల్టులతో ఫ్యాను ప్లేటు బిగించండి, అదీ పూత దాటి కాంక్రీటులోకి దిగేలా. ఫాల్స్ సీలింగు ఫ్రేముకు ఫ్యాను వేలాడదీసే పనిని ఎవరు చేస్తామన్నా ఒప్పుకోకండి.

రాడ్డు కొనడానికి పోయేటప్పుడు పాత రాడ్డు విప్పి వెంట తీసుకుపోండి. పైపు లావు, బోల్టు రంధ్రాల దూరం కంపెనీ కంపెనీకీ మారుతాయి. కొన్నిట్లో కింది కొసకు మర ఉంటుంది, కొన్నిట్లో బోల్టు మాత్రమే. కొత్తదాన్ని అంగడి గచ్చు మీద దొర్లించి చూడండి. ఎగిరెగిరి దొర్లితే వంకర ఉన్నట్టు, అది ఇంటికొచ్చాక వణుకుతుంది. పల్చటి రేకు పైపు వద్దు, మందమైన జీఐ (జింకు పూత వేసిన ఇనుప) పైపు అడగండి. చూడ్డానికి బాగోదని పొడుగు రాడ్డు వద్దనేవాళ్లను చూస్తే బాధేస్తుంది. రాడ్డుకు గోడ రంగే పూయించుకోవచ్చు, నాలుగు రోజులకు కంటికి అలవాటవుతుంది.

వైరు మూడు కోర్లది (లోపల మూడు తీగలున్నది), 1 చదరపు ఎంఎం, పైన సీలింగ్ రోజ్ (ఫ్యాను వైరు కలిపే గుండ్రటి డబ్బా) నుంచి కింద మోటారు దాకా ఒకటే ముక్క ఉండాలి. పాత వైరుకు అతుకేసి ఆ అతుకును రాడ్డులో దాచేస్తుంటారు. ఊపుకు అది లోపలే ఒరుసుకుని రాడ్డుకు కరెంటు ఎక్కుతుంది. మూడో కోరు ఎర్తుకు కలిపి తీరాలి. పని మొదలుపెట్టే ముందు స్విచ్చి ఆపితే చాలదు, మెయిన్ ఆపండి. పాత వైరింగులో స్విచ్చిని న్యూట్రల్‌కు వేసిన ఇళ్లున్నాయి, అక్కడ స్విచ్చి ఆపినా ఫ్యానులో కరెంటు ఉంటుంది. మంచం మీద స్టూలు వేసి ఎక్కే పని అసలే వద్దు. మడత నిచ్చెన, ఇద్దరు మనుషులు ఉండాలి.

తగిలించేటప్పుడు కొక్కేనికి పట్టే రబ్బరు చక్రం పగిలి ఉంటే కొత్తది వేయండి. అది లేకపోతే ఇనుము ఇనుముకు రాసుకుని కొక్కెం అరుగుతుంది, రాత్రంతా దూలం మీద మోత వినిపిస్తుంది. పైనా కిందా రెండు బోల్టులకూ స్ప్లిట్ పిన్ను పెట్టి, దాని రెండు కాళ్లూ విడదీసి వెనక్కి వంచాలి. పిన్ను దూర్చి వంచకుండా వదిలేస్తే పెట్టనట్టే లెక్క. ఫ్యానుతో సేఫ్టీ తీగ ఇస్తే దాన్ని కొక్కేనికి చుట్టకుండా దూలానికి విడిగా కట్టండి.

మొదట తిప్పినప్పుడు కొంచెం ఊగుతుంది, పొడుగు రాడ్డుకు అది మామూలే. పూర్తి వేగం అందుకున్నాక కూడా ఊగుతుంటే ఫ్యాను ఆపి, నేల మీద ఓ కర్ర నిలబెట్టి, ఒక రెక్క కొస తగిలేచోట గుర్తు పెట్టండి. మిగతా రెక్కల్ని చేత్తో ఒక్కొక్కటిగా ఆ కర్ర మీదికి తిప్పండి. ఏదైనా రెక్క మూడు నాలుగు ఎంఎం పైకో కిందికో ఉంటే దాన్ని పట్టుకున్న ఇనుప చేయి వంగింది, మెల్లగా సరిచేయండి. అన్నీ సమంగా ఉన్నా ఊగితే పక్కపక్క రెక్కలు రెండింటిని ఒకదాని చోట ఒకటి మార్చి చూడండి. వేరే ఫ్యాను రెక్క తెచ్చి వేయొద్దు, రెక్కలు బరువు చూసి జత చేసి పంపుతారు.

రాడ్డు మార్చినా నెమ్మదిగానే తిరుగుతుంటే కెపాసిటరు (మోటారు తిరగడానికి ఊపునిచ్చే చిన్న డబ్బా) దిగిపోయి ఉంటుంది. మామూలుగా 2.5 మైక్రోఫారడ్‌ది ఉంటుంది, అదే కొలతది వేయించండి. వేగం కోసం 3.5 వేస్తే వైండింగు (మోటారులోని తీగ చుట్ట) వేడెక్కి కాలిపోవచ్చు. బాగా తిరుగుతూ కింద గాలే లేకపోతే విప్పినప్పుడు తీగలు తారుమారై వెనక్కి తిరుగుతోందేమో చూడండి, రెక్కలో ఎత్తుగా ఉన్న అంచు ముందుకు పోవాలి. ఎప్పుడైనా కొత్త ఫ్యాను కొనాల్సి వస్తే బీఎల్డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) తీసుకోండి. పాతది 75 వాట్లు తీసుకునేచోట ఇది 30 దగ్గర తిరుగుతుంది, రోజుకు 12 గంటల లెక్కన నెలకు 16 యూనిట్లు మిగులుతాయి. దానికి పాత రెగ్యులేటరు ఉంచొద్దు, తీసేసి నేరుగా కలపాలి, లేకుంటే లోపలి సర్క్యూటు పోతుంది.

ఆరడుగులు దాటిన రాడ్డు మాత్రం వేయొద్దంటాను. ఇప్పుడు తిరుపతి చుట్టుపక్కల డూప్లెక్సు ఇళ్లలో హాలుకు 20 అడుగుల ఎత్తు పెట్టి, నడిమధ్య కొక్కెం వదులుతున్నారు. అక్కడ 16 అంగుళాల గోడ ఫ్యాన్లు రెండు, ఏడడుగుల ఎత్తులో ఎదురెదురుగా పెట్టుకోవడమే మేలు.

ఇంకొకటి, పాత మిద్దెలకు గోడ పైభాగంలో వెంటిలేటర్లు పెట్టింది అందం కోసం కాదు. పగలంతా కాగిన గాలి పైకి చేరుతుంది, అక్కడి నుంచే బయటికి పోవాలి. పిచ్చుకలు వస్తున్నాయనీ దుమ్మనీ అట్టలు కొట్టి మూసేస్తున్నారు. ఆ అట్టలు పీకి దోమల జాలీ కొట్టించండి. ఎండాకాలం పొద్దు గూకాక కింది కిటికీలు తెరవండి, ఓ వెంటిలేటరులో 9 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టి గంటసేపు నడపండి, ఆ తర్వాతే సీలింగు ఫ్యాను వేయండి.