పత్తి అదే, యంత్రం అదే: పోగు ఎందుకు తెగుతోంది?

ప్రశ్న: మా అబ్బాయి ఊరి పక్కనే ఉన్న నూలు మిల్లులో రింగ్ ఫ్రేముల (దూదిని సాగదీసి, పేని, నూలుగా చుట్టే యంత్రాలు) దగ్గర పనిచేస్తున్నాడు. ఎండాకాలంలో పోగులు మాటిమాటికీ తెగుతున్నాయనీ, ముసురు పట్టిన రోజుల్లో దూది రోలర్లకు చుట్టుకుపోతోందనీ చెబుతాడు. పత్తిలోనూ యంత్రంలోనూ మార్పు లేనప్పుడు ఇలా ఎందుకు జరుగుతోంది? – ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పత్తి పోగు నీటిని పైపైన అంటించుకోదు, లోపలికి పీల్చుకుంటుంది. చుట్టూ ఉన్న గాలి ఆరితే ఆ నీటిని వదిలేస్తుంది. తడిసిన గుడ్డ చిరిగిపోతుందనుకుంటాం గానీ, పత్తి విషయంలో అది తప్పు. తడి పత్తి పొడి పత్తి కంటే పది నుంచి ఇరవై శాతం వరకు గట్టిగా ఉంటుంది. కలప గుజ్జు నుంచి తయారుచేసే విస్కోస్ పోగు ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, తడిస్తే దాని బలం దాదాపు సగానికి పడిపోతుంది.

మీ అబ్బాయి చూస్తున్న ఎండాకాలపు చిక్కుకు అసలు కారణం వేడి కన్నా, వేడి వల్ల తగ్గే సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ వేడి దగ్గర గాలి పట్టగల తేమలో నిజంగా ఉన్న వంతు. 28 డిగ్రీల దగ్గర 70 శాతం ఆర్ద్రత ఉన్న గాలిని, చుక్క నీరు కలపకుండా, 40 డిగ్రీలకు వేడి చేస్తే ఆర్ద్రత సుమారు 36 శాతానికి దిగుతుంది. మిల్లులో ఎండకు తోడు మోటార్ల వేడి కూడా ఉంటుంది. అలా ఎండిన పోగు పెళుసెక్కుతుంది; రాపిడికి పుట్టిన విద్యుదావేశం నేలకు పోయే దారిలేక పోగులు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, నుసి గాలిలోకి లేస్తుంది, పేనుతున్న చోట నూలు తెగుతుంది. పాలియెస్టర్ దాదాపు నీటిని పీల్చదు కనుక దానితో ఈ బెడద మరీ ఎక్కువ.

ముసురులో తేమ హద్దు దాటుతుంది. పోగుల మధ్య రాపిడి పెరిగి, అవి జారవలసినంత సులువుగా జారక, సాగదీసే రోలర్లకు అతుక్కుని చుట్టుకుంటాయి. అందుకే రింగ్ ఫ్రేముల గదిలో ఆర్ద్రతను సాధారణంగా 55–60 శాతం దగ్గర నిలుపుతారు. మగ్గాల షెడ్డులో మాత్రం పడుగుకు (మగ్గం మీద నిలువుగా బిగించిన దారాలకు) పట్టించిన గంజి పెళుసెక్కి రాలకుండా అంతకంటే బాగా ఎక్కువ తేమ ఉంచుతారు. మన గుంటమగ్గాల్లో పడుగు నేలకు దగ్గరగా ఉండి మట్టి చల్లదనాన్ని పొందడం కూడా ఇలాంటి ఏర్పాటే.

నేల మీద నీళ్లు చల్లితే సరిపోతుందన్నది నాకు నచ్చని అలవాటు. గదిలో ఒక మూల తడి, ఒక మూల పొడి మిగులుతాయి. తడి బల్బు, పొడి బల్బు థర్మామీటర్లు రెండింటినీ (వాటి తేడాను బట్టే ఆర్ద్రత తెలుస్తుంది) గంటగంటకూ చూసి, తేమను సన్నని తుంపరగా గది అంతటా అందించాలి. బేళ్లలో బిగించిన దూదికి గదిలోని తేమ అందడానికి సమయం పడుతుంది కాబట్టి, బేళ్లు విప్పి ఒక రోజు అలా వదిలేశాకే యంత్రానికి ఎక్కించడం మేలు.

తూకం సంగతి కూడా ఉంది. నిలువునా ఎండిన 100 కిలోల పత్తిని, సహజమైన తేమతో కలిపి 108.5 కిలోలుగా లెక్కగట్టడం వ్యాపారంలో ప్రమాణం. నూలు కౌంటు, అంటే నూలు ఎంత సన్నమో చెప్పే అంకె, కూడా బరువును బట్టే కట్టేది కనుక, తేమ ఎక్కువ ఉన్న రోజున తూచిన నూలు, ఉన్నదాని కంటే లావుగా లెక్కకు వస్తుంది.