పార్ట్‌నర్ అవుతానన్న నమ్మకంతో పర్సనల్ లోన్ తీసుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. బెంగళూరులో ఒక లా ఫర్మ్‌లో ప్రిన్సిపల్ అసోసియేట్‌ని. కంపెనీల విలీనాలు, కొనుగోళ్ల డీల్స్ చూస్తాను. వయసు 33. నెలకు రూ.3.5 లక్షలు. 10 శాతం టీడీఎస్ పోను రూ.3.15 లక్షలు చేతికొస్తాయి. మావారు ఉద్యోగం మానేసి స్టార్టప్ పెట్టారు, ఇంకా ఆదాయం లేదు. ఇంటి ఈఎంఐ రూ.87 వేలు. ఇంటి ఖర్చు, పాప డేకేర్, అమ్మానాన్నలకు పంపేది కలిపి రూ.1.08 లక్షలు. సిప్‌లు రూ.50 వేలు. బ్యాంకులో రూ.1.6 లక్షలున్నాయి. వచ్చే ఏప్రిల్‌లో పార్ట్‌నర్‌ని చేస్తామన్నారు. యలహంక వైపు ఒక ప్లాటు చూశాం. బి-ఖాతా (అనుమతులు పూర్తిగా లేని ఆస్తి) అని బ్యాంకు లోన్ ఇవ్వనంది. రూ.25 లక్షలు పర్సనల్ లోన్ తీసుకోవచ్చా? 14 శాతం వడ్డీ, ఐదేళ్లు.

జవాబు: వద్దండి. ప్లాటు సంగతి తర్వాత, నేను ఆ రూ.1.6 లక్షల దగ్గరే ఆగిపోయాను. మీ ఇల్లు నడవడానికి నెలకు రూ.1.95 లక్షలు కావాలి. దాచుకున్నది ఒక్క నెలకు కూడా చాలదు. రాని ప్రమోషన్‌ను వచ్చినట్టే రాసుకుని అప్పు చేసేవాళ్లు నా దగ్గరికి చాలామంది వస్తారు. అందుకే మీ ఉత్తరం తీసుకున్నాను.

10 శాతం టీడీఎస్ చూస్తే మీరు జీతం మీద కాక రిటైనర్ (నెలవారీ ఫీజు) మీద ఉన్నట్టుంది. అంటే పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు. రేపు పని పోతే నోటీసు కాలం వరకే డబ్బు. 2020 లాక్‌డౌన్‌లో కొన్ని లా ఫర్ములు చెల్లింపులకు కోత పెట్టిన సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. సంతకాలైన డీల్ కూడా సీసీఐ (కాంపిటీషన్ కమిషన్) అనుమతి కోసం 150 రోజుల దాకా ఆగొచ్చు. పైగా, డీల్స్ ఎండిపోయిన ఏడాదే మీవారి స్టార్టప్‌కూ పెట్టుబడి దొరకదు. మీ ఇద్దరిదీ ఒకే చెరువు నీళ్లు.

ఇంతకీ ఏ రకం పార్ట్‌నరో అడిగారా? ఈక్విటీ (ఫర్మ్‌లో వాటా ఉన్న) పార్ట్‌నర్ అయితే ముందు మిమ్మల్నే మూలధనం తెమ్మనొచ్చు. నెలనెలా వచ్చేది డ్రాయింగ్స్ (లాభం లెక్కలో ముందే తీసుకునే సొమ్ము), లాభంలో వాటా లెక్కలు తేలాకే. మొదటి ఏడాది చేతికొచ్చేది ఇప్పటికంటే తగ్గినా తగ్గొచ్చు. షరతులు నెరవేరనిదే క్లయింటు డబ్బు కదలనివ్వరు కదా మీరు!

ఆ లోన్‌కు ఈఎంఐ రూ.58 వేలు, మొత్తం వడ్డీ దాదాపు రూ.10 లక్షలు. తీసుకున్నాక నెలకు మిగిలేది రూ.12 వేలు. డ్యూ డిలిజెన్స్ (కొనేముందు చేసే లోతైన తనిఖీ)తో బతికే మనిషి, బ్యాంకు వద్దన్న ఆస్తిని 14 శాతం అప్పుతో కొంటారా? మీ క్లయింటు ఇదే చేస్తానంటే ఊరుకుంటారా?

మామూలు జీతగాళ్లకు అత్యవసర నిధిగా ఆరు నెలల ఖర్చు ఉండాలంటాను. మీకు తొమ్మిది నెలలది కావాలి, అంటే రూ.17.5 లక్షలు. సిప్‌లు కొన్నాళ్లు ఆపండి. వాటి రూ.50 వేలు, ఎటు పోతున్నాయో మీరు రాయని మరో రూ.70 వేలు కలిపితే ఏడాది దాటి ఒకట్రెండు నెలల్లో నిండుతుంది. స్వీప్ ఎఫ్‌డీ (ఖాతాకు ముడిపడి, కావలసినప్పుడు తీసుకోగలిగే డిపాజిట్)లో కొంత, లిక్విడ్ ఫండ్‌లో కొంత ఉంచండి. వృత్తి రాబడిలో సగాన్నే ఆదాయంగా లెక్కగట్టే పన్ను పద్ధతి (పాత ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 44ఏడీఏ) మీకు వర్తిస్తుందేమో ఆడిటర్‌ను అడగండి, రీఫండ్ వస్తే అదీ ఇందులోకే. నిధి నిండేదాకా దీన్ని స్టార్టప్‌కు కూడా ముట్టనివ్వకండి.

టర్మ్ పాలసీ గురించి రాయలేదు. లేకపోతే ఈ వారమే తీసుకోండి. హెల్త్ పాలసీ ఫర్మ్‌ది కాక విడిగా ఒకటి ఉండాలి. ప్లాటు మాట నిధి నిండాక, పార్ట్‌నర్‌షిప్ డీడ్ చేతికొచ్చాక, అదీ ఏ-ఖాతా (అనుమతులన్నీ ఉన్న ఆస్తి) అయితేనే. ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, వెనక్కి ఇవ్వాలన్న షరతు అగ్రిమెంటులో ఉందో లేదో ఈ రాత్రే చూసుకోండి.