పాత మహీంద్రా జీపును ఇంట్లోనే బాగుచేసుకోవచ్చా?

మీరు అడిగింది ఇదీ: నాన్నగారి 1972 నాటి మహీంద్రా పెట్రోలు జీపు పన్నెండేళ్లుగా షెడ్డులో పడి ఉంది, ఇంట్లోనే మళ్లీ నడిచేలా చేసుకోవచ్చా, ఎక్కడ మొదలుపెట్టాలి, ఎంతవుతుంది అని.

చేసుకోవచ్చు. కానీ బండి మొత్తం ఒకేసారి విప్పకండి. ఈ ఒక్క మాట నాకు మొదట్లో ఎవరైనా చెప్పి ఉంటే ఏడాది కలిసొచ్చేది.

నాది మా మేనమామ వాడిన సీజే-3బీ, 1968 మోడల్. మీదీ బానెట్ ఎత్తుగా ఉండే రకమే అయితే అదే బండి. ఆ ఎత్తుకు కారణం లోపలి హరికేన్ ఇంజన్. జీపును మొదట తయారుచేసిన అమెరికా కంపెనీ విల్లీస్ వాళ్లు ఇన్‌టేక్ వాల్వులను (పెట్రోలూ గాలీ లోపలికి పంపేవి) ఇంజన్ పైభాగమైన హెడ్డులోకి ఎక్కించేసరికి ఇంజన్ పొడుగైంది, పాత బానెట్ కింద పట్టలేదు. అమెరికాలో ఈ మోడల్ 1968తో ఆగిపోయినా మహీంద్రా ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు తయారుచేసింది. అందుకే సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. నేను విజయవాడ ఆటోనగర్‌లో కొన్నీ, హైదరాబాద్ పుత్లీబౌలిలో కొన్నీ ఏరుకొచ్చాను.

ఉత్సాహం కొద్దీ రెండు ఆదివారాల్లో బండి మొత్తం విప్పేశాను. నట్లూ బోల్టులూ పాత పెయింటు డబ్బాల్లో వేశాను. ఏది ఎక్కడిదో గుర్తుంటుందిలే అనుకున్నాను. తర్వాత వానలొచ్చాయి, ఆఫీసులో పని పెరిగింది. పద్నాలుగు నెలలు బాడీ ఒక చోట, ఛాసిస్ ఒక చోట. పాత ఇనుము అమ్ముతారా అని ఒకాయన గేటు దగ్గరికొచ్చి అడిగి వెళ్లాడు కూడా. మా అమ్మ ఇప్పటికీ ఆ మాట చెప్పి నవ్వుతుంది. కాబట్టి బండిని చక్రాల మీదే ఉంచండి. ఒక పని విప్పి, బాగుచేసి, బిగించాకే రెండోది ముట్టుకోండి. విప్పే ముందు ఫోన్‌లో ఫోటో తీయండి.

అన్నిటికంటే ముందు కాయితాలు. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద ఉన్నవాటితో కలుస్తున్నాయో లేదో చూడండి. పెట్రోలు ఖర్చు భరించలేక అప్పట్లో చాలామంది డీజిల్ ఇంజన్ ఎక్కించేశారు, ఆర్సీలో మార్చుకోలేదు. మీది పెట్రోలుగానే మిగిలింది కాబట్టి సగం టెన్షన్ లేనట్టే. సొంత బండికి మొదటి 15 ఏళ్లు దాటాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఉంటుంది. 50 ఏళ్లు దాటినవాటికి 2021లో కేంద్రం వింటేజ్ రిజిస్ట్రేషన్ కూడా తెచ్చింది. ఫీజు 20,000 రూపాయలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. మీ బండికి ఆ వయసు దాటింది. కానీ ఆ నంబరుతో రోజూ తిరగకూడదు. ర్యాలీలకూ ప్రదర్శనలకూ తీసుకెళ్లొచ్చు, పెట్రోలు పోయించుకోవచ్చు, రిపేరుకు తీసుకెళ్లొచ్చు, అంతే. పొలానికి వెళ్లి రావాలనుకుంటే మామూలు రెన్యువలే మేలు.

ఇంజన్ పన్నెండేళ్లు తిరగలేదు కాబట్టి సెల్ఫ్ కొట్టి చూద్దామన్న తొందర వద్దు. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్‌లో ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో పోసే ఆయిలూ (ఏటీఎఫ్) కిరసనాయిలూ కలిపి కాస్త పోయండి. నాలుగైదు రోజులు అలా వదిలేసి, అప్పుడు టాప్ గేరు వేసి బండిని ముందుకీ వెనక్కీ ఊపండి. నాది మూడో రోజుకి కదిలింది. కదలకపోతే మళ్లీ పోసి ఆగండి, బలం వాడొద్దు.

నేను ఇరుక్కున్నది వాల్వుల దగ్గర. ఒక వర్క్‌షాపులో ఇంజన్ పని చేయించాను, పేరెందుకు. అక్కడి మెకానిక్ డీజిల్ బళ్లకు అలవాటు పడ్డవాడు. పైమూత తీసి, కనిపించిన నాలుగు వాల్వులకు గ్యాప్ పెట్టి పనైపోయిందన్నాడు. ఇంటికొచ్చాక ఇంజన్ కుంటుతూనే ఉంది. కార్బొరేటర్ మూడుసార్లు విప్పాను, ప్లగ్గులకు కరెంటు అందించే పాయింట్లు, కండెన్సర్ మార్చాను, లాభం లేదు. చివరికి తెలిసిందేంటంటే ఈ ఇంజన్‌కు ఎగ్జాస్ట్ వాల్వులు (పొగ బయటికి వదిలేవి) హెడ్డులో ఉండవు, కింద బ్లాకులో ఉంటాయి. ఇంజన్ పక్కనున్న రేకు మూత విప్పితేనే వాటిని పైకెత్తే ట్యాపెట్లు కనిపిస్తాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గ్యాప్ ఇన్‌టేక్‌కు 18 థౌ, ఎగ్జాస్ట్‌కు 16 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతుల లెక్క. అది సరిచేసిన సాయంత్రం స్టార్ట్ చేస్తే కుట్టుమిషన్‌లా నడిచింది. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరస, 1-3-4-2. ప్లగ్ వైర్లు తీసేముందు వాటికి గుర్తులు పెట్టుకోండి.

పెట్రోలు ట్యాంకు ముందు సీటు కిందే ఉంటుంది. లోపల తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. నేను ట్యాంకు దించి, గుప్పెడు నట్లూ కిరసనాయిలూ వేసి గంటసేపు ఊపి కడిగాను. చిల్లి పడి ఉంటే మాత్రం ఇంట్లో వెల్డింగ్ పెట్టొద్దు. ఖాళీగా కనిపించినా లోపల పెట్రోలు ఆవిరి ఉంటుంది, పేలుతుంది. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది, పాత రబ్బరుకు అది పడదు. ఫ్యూయల్ పంపు డయాఫ్రం, పైపులు ఇథనాల్‌ను తట్టుకునే రకానివి వేయించండి.

బ్రేకుల దగ్గర పొదుపు చేయకండి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే, మాస్టర్ సిలిండర్ ఒక్కటే, లైను ఒక్కటే. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా మొత్తం బ్రేకు పోతుంది. నేను వీల్ సిలిండర్లూ హోస్‌లూ లైన్లూ అన్నీ కొత్తవే వేశాను. పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు కాబట్టి డ్రమ్ములోని దుమ్మును కంప్రెసర్‌తో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి. హ్యాండ్‌బ్రేకు చక్రాల మీద కాదు, ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే పెట్టె) వెనక చిన్న డ్రమ్ము మీద పనిచేస్తుంది. అక్కడి సీలు కారితే ఆయిల్ మొత్తం ఆ లైనర్ తాగేస్తుంది. నా బండి హ్యాండ్‌బ్రేకు వేసినా వాలులో జారడానికి కారణం అదే.

ఒక చిన్న సంగతి. ఈ పాత జీపుల్లో కొన్నింటికి ఎడమవైపు చక్రాల నట్లు లెఫ్ట్ థ్రెడ్. అంటే మామూలుగా బిగించే వైపు తిప్పితే ఊడతాయి. తెలియక పానాకు పైపు తగిలించి బలమంతా పెట్టి ఒక స్టడ్డు విరగ్గొట్టుకున్నాను. పానా పెట్టేముందు స్టడ్డు చివర ‘ఎల్’ అక్షరం ఉందేమో చూడండి. ఇంకోటి, బండి కిందికి దూరేటప్పుడు జాకీనీ ఇటుకలనూ నమ్మొద్దు, ఇనుప స్టాండ్లు కొనుక్కోండి.

స్టీరింగ్ ఆట (చక్రాలు తిరగకుండానే స్టీరింగ్ కదలడం) ఎక్కువగా ఉంటే అందరూ స్టీరింగ్ బాక్సునే అనుమానిస్తారు. ముందు భాగంలో మధ్యన ఉండి స్టీరింగ్ కదలికను చక్రాలకు అందించే బెల్‌క్రాంక్ అరిగిందేమో ముందు చూడండి. నాకు దాని బుష్షులు మార్చేసరికే సగం ఆట పోయింది.

రేకు పని నిజానికి తేలిక, అన్నీ పలకల్లాంటి ముక్కలే. హర్యానాలోని డబ్వాలీ వైపు కొత్త బాడీలే కట్టి ఇస్తారు. ధర తక్కువే, కానీ నాన్నగారి బండిలో నాన్నగారు కూర్చున్న రేకు ఉండాలిగా! నేను ఫ్లోరు మాత్రం కోయించి కొత్త రేకు వేయించాను, మిగతాదంతా పాతదే. రంగు చిట్టచివర. నడవని బండికి రంగేస్తే ప్రతి పనిలోనూ గీతలే మిగులుతాయి.

ఖర్చు నాకు మూడేళ్లలో సుమారు 2 లక్షల 70 వేలు అయింది. అందులో ఇంజన్‌కే లక్షకు దగ్గర, టైర్లకు 30 వేలు. పోయిన నట్లకూ, రెండుసార్లు కొన్న సామాన్లకూ పాతికవేలు తగలేసి ఉంటాను. అది మీకు మిగిలినట్టే.

ఈ ఆదివారం ఏమీ విప్పకుండా ఒక పని చేయండి. సుత్తితో ఛాసిస్‌ను పొడవునా తట్టండి, గట్టి ఇనుము ఖంగుమంటుంది, తుప్పుపట్టిన చోట మొద్దుగా మోగుతుంది. ట్యాంకు కింద ఫ్లోరును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. ఫ్లోరులోకి దిగితే పర్వాలేదు, రేకు మార్చొచ్చు. ఛాసిస్‌లోకి దిగితే మాత్రం ఇంట్లో అయ్యే పని కాదు, మంచి వెల్డరుకు చూపించాకే ఇంకో రూపాయి పెట్టండి.