పాఠకుల ప్రశ్నలు: విషమూ విరుగుడూ ఒకే కణంలో

ప్రశ్న: నకిరేకల్ దగ్గర మాకు నిమ్మ తోట ఉంది. వానలు మొదలైతే చాలు, ఆకుల మీదా కాయల మీదా గజ్జి మచ్చలు కమ్ముకుంటున్నాయి. లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే రాగి మందు, 10 లీటర్లకు 1 గ్రాము స్ట్రెప్టోసైక్లిన్ చొప్పున కలిపి కొట్టిస్తున్నాను. కొట్టిన కొన్నాళ్లు తెగులు ఆగినట్టే ఉండి, రెండు ముసుర్లు పట్టగానే మళ్లీ మొదలవుతోంది. మైక్రోబయాలజీ చదువుతున్న మా అమ్మాయి, ఈ బ్యాక్టీరియా తన విషాన్నీ దాని విరుగుడునూ తనలోనే పెట్టుకుంటుందనీ, మందు పడగానే నిద్రలోకి జారుకుంటుందనీ అంటోంది. ఇది నిజమేనా? నిజమైతే మందు మోతాదు పెంచాలా?
– ఒక నిమ్మ రైతు, నల్లగొండ జిల్లా

జవాబు: మీ అమ్మాయి చెప్పిన మొదటి మాట పూర్తిగా నిజం. రెండో మాట కొంతవరకే నిజం. మోతాదు సంగతి మాత్రం కారణాలు చెప్పక ముందే చెబుతున్నాను: పెంచవద్దు.

అనేక బ్యాక్టీరియాల జన్యువుల్లో ఒక వింత జంట పక్కపక్కనే ఉంటుంది. అందులో ఒక జన్యువు విషాన్ని తయారు చేస్తే, రెండోది ఆ విషానికి విరుగుడును తయారు చేస్తుంది. విషం సాధారణంగా ఒక ప్రోటీన్. అది బయటి శత్రువుల మీదికి కాక, తనను తయారు చేసిన కణం మీదికే తిరుగుతుంది. కొన్ని విషాలు ప్రోటీన్ల తయారీకి ఆదేశాలు మోసే ఆర్ఎన్ఏను ముక్కలు చేస్తాయి, మరికొన్ని డీఎన్ఏ మెలికలను సవరించే ఎంజైమును పట్టేసి కణ విభజనను నిలిపివేస్తాయి. మామూలు రోజుల్లో విరుగుడు విషాన్ని అంటిపెట్టుకొని దాని పని సాగనివ్వదు. అయితే ఈ రెండింటి ఆయుష్షులో పెద్ద తేడా ఉంది. విషం ఇత్తడి బిందెలో నీళ్ల వంటిది, ఒకసారి నింపితే అలాగే ఉంటుంది. విరుగుడు చిల్లు కుండలో నీళ్ల వంటిది, ఎప్పటికప్పుడు పోస్తూ ఉండకపోతే ఖాళీ అయిపోతుంది. కణంలోనే ఉండే ప్రోటీన్లను కోసే ఎంజైములు విరుగుడును త్వరగా అరగదీస్తాయి గనుక, ఏ కారణం వల్లనైనా దాని తయారీ ఆగితే విషానిదే పైచేయి అవుతుంది.

ఇంతకీ తన ప్రాణానికే ముప్పు తెచ్చే ఏర్పాటును బ్యాక్టీరియా ఎందుకు మోస్తున్నట్టు? 1983లో జపాన్ శాస్త్రవేత్తలు ఒగురా, హిరాగా పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియాలోని ఎఫ్ ప్లాస్మిడ్ మీద ఇటువంటి జంటను గుర్తించినప్పుడు దీనికి మొదటి జవాబు దొరికింది. ప్లాస్మిడ్ అంటే ప్రధాన క్రోమోజోముకు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ చుట్ట. కణం రెండుగా చీలినప్పుడు ఒక పిల్ల కణానికి ప్లాస్మిడ్ అందకపోతే, తల్లి కణం నుంచి వచ్చిన విషం దానిలో మిగిలే ఉంటుంది, విరుగుడు మాత్రం తరిగిపోతుంది, దానితో ఆ పిల్ల కణం ఎదగలేకపోతుంది. అద్దెకు దిగినవాడు, తనను ఖాళీ చేయిస్తే ఇల్లే కూలిపోయేటట్టు ముందుగానే ఏర్పాటు చేసుకున్నాడన్నమాట! మీ తోటలో గజ్జికి కారణమైన జాంతోమోనాస్ సిట్రి విషయంలో ఈ సంగతిని గుర్తు పెట్టుకోవాలి. దీని పూర్తి జన్యుక్రమాన్ని బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2002లో ప్రకటించారు. ఆ రకంలో రెండు ప్లాస్మిడ్లు ఉన్నాయి. ఆకు కణాలను ఉబ్బించి బిరుసైన పొక్కును పుట్టించే పీటీహెచ్ఏ కుటుంబపు జన్యువులు వాటి మీదే ఉన్నాయి. ఈ బ్యాక్టీరియా జన్యురాశిలో విషం–విరుగుడు జంటలు కూడా అనేకం ఉన్నట్టు ఆ తర్వాతి పరిశోధనల్లో తేలింది.

ఇక నిద్ర సంగతి. 1944లో జోసెఫ్ బిగ్గర్ అనే ఐర్లండ్ వైద్యుడు, చీము పుట్టించే బ్యాక్టీరియా మీద పెన్సిలిన్ ప్రయోగించి చూసినప్పుడు బహు కొద్ది కణాలు మాత్రం చావకుండా మిగిలాయి. ఆయన వాటిని మళ్లీ పెంచి మళ్లీ పెన్సిలిన్ ఇస్తే, వాటి సంతతి కూడా మొదటిసారి లాగానే చచ్చి, మళ్లీ కొద్ది మాత్రమే మిగిలాయి. అంటే ఆ మిగిలిన కణాలు మందును జయించినవి కావు. మందు పడిన వేళకు ఎదుగుదల ఆపి, ముడుచుకొని ఉన్నవి. తుంగ ఉన్న చేను మీకు తెలియనిది కాదు. పైన ఎంత శుభ్రంగా కలుపు తీసినా, భూమిలో పడి ఉన్న గడ్డ తడి తగలగానే మొలుస్తుంది. కలుపు మందుకు లొంగని కొత్త తుంగ పుట్టిందని దాని అర్థం కాదు, మందు అందని స్థితిలో పాత తుంగే ఉందని అర్థం. మందుకు తట్టుకునే జన్యువు వచ్చిన బ్యాక్టీరియా వేరు, నిద్రపోయి బతికిన బ్యాక్టీరియా వేరు. మొదటిదాని పిల్లలన్నీ మందుకు లొంగవు, రెండోదాని పిల్లలు లొంగుతాయి. నిద్రలో ఉన్నదానికి రెట్టింపు మందు పోసినా పెద్దగా తేడా ఉండదు, లేత చిగుళ్లు మాడటం, నేలలో రాగి పేరుకోవడం మాత్రం ఖాయం.

ఆ నిద్రకు కారణం విషం–విరుగుడు జంటలేనా అన్న చోట మీ అమ్మాయి కొంచెం ఆగి ఆలోచించాలి. బత్తాయి జాతి చెట్లకు బ్రెజిల్‌లో తెగులు తెచ్చే జైలెల్లా బ్యాక్టీరియాలో, రాగి తగిలినప్పుడు ఎమ్‌క్యూఎస్ఆర్ అనే విషం పాత్రతో నిద్రకణాలు పెరగడాన్ని శాస్త్రవేత్తలు చూశారు. కానీ ఈ.కోలైలో పది జంటలను తొలగిస్తే నిద్రకణాలు తగ్గాయని చెప్పిన పేరుపొందిన పరిశోధనల్లో వాడిన బ్యాక్టీరియాకు ప్రయోగశాలలోనే ఒక వైరస్ సోకి ఉందని తర్వాత బయటపడింది. వాటిలో ముఖ్యమైన 2013 నాటి వ్యాసాన్ని 2018లో రచయితలే ఉపసంహరించుకున్నారు. అందుచేత ప్రతి నిద్రకూ ఈ జంటనే బాధ్యురాలిని చేయడం సబబు కాదని నా అభిప్రాయం. కొన్ని పాఠ్యపుస్తకాలు మాత్రం పాత కథనే ఇంకా చెబుతుండవచ్చు.

మీ తోటలో తెగులు తిరిగి రావడానికి ఇంతకంటే మామూలు కారణాలు ఉన్నాయి. రాగి మందు ఆకు పైభాగాన్ని కాపాడుతుందే తప్ప, పొక్కు లోపల చేరిన బ్యాక్టీరియాను చేరదు. వాన చినుకు పొక్కు మీద పడినప్పుడు బ్యాక్టీరియా ఆ నీటిలోకి ఊరి, గాలితో కలిసి పక్క చిగురుకు చేరి, ఆకు రంధ్రాల గుండానో ముళ్లు గీరిన గాయాల గుండానో లోపలికి పోతుంది. ఆకు తొలిచే పురుగు పాము నడిచినట్టు తెల్లని చారలు చేసిన ఆకులైతే దానికి తెరిచి ఉంచిన తలుపులే. మీరు మందు కొట్టిన తర్వాత వచ్చిన చిగురు మీద మందే ఉండదు గదా! కాబట్టి తొలకరికి ముందే పొక్కులున్న కొమ్మలను పొడి వాతావరణంలో కత్తిరించి, తోట బయటికి తీసుకుపోయి కాల్చండి. కత్తిరించిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత చిగురు వచ్చిన ప్రతిసారీ అది ముదరక ముందే, రాగి మందు సిఫారసు చేసిన మోతాదులోనే పిచికారీ చేయండి. ఆకు తొలిచే పురుగును వదిలేసి గజ్జికి ఎంత మందు కొట్టినా లాభం తక్కువ. స్ట్రెప్టోసైక్లిన్‌ను మాత్రం అలవాటుగా వాడవద్దు. అది మనుషుల వైద్యంలోనూ వాడే స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్‌ల మిశ్రమం. పంటల మీద దాని వాడకాన్ని దశలవారీగా ఆపాలని కేంద్రం 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. కొనేముందు మీ ఉద్యాన అధికారిని అడగండి.

ప్రశ్న: మిర్యాలగూడ ఆయకట్టులో సాంబా మసూరి వేస్తాం. ఎండాకు తెగులు కలిగించే బ్యాక్టీరియాలో కూడా ఈ విషం–విరుగుడు ఉందా? తెగులు తట్టుకునే వరి రకానికి దానితో సంబంధం ఉందా?
– ఒక వరి రైతు

జవాబు: జంటలు ఉన్నాయి, కానీ మీరు అడిగిన రకానికి వాటితో సంబంధం లేదు. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం (సీసీఎంబీ), అప్పటి వరి పరిశోధన సంచాలకాలయం కలిసి రూపొందించగా 2008లో విడుదలైన మెరుగైన సాంబా మసూరిలో ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు నిరోధక జన్యువులు ఉన్నాయి. అవి మొక్కకు చెందినవి.

అయితే ఎండాకు తెగులు బ్యాక్టీరియాకు దగ్గరి చుట్టం ఒకటుంది. వరి ఆకు మీద ఈనెల మధ్య సన్నని చారలు తెచ్చే ఆ బ్యాక్టీరియా, ఏవీఆర్ఆర్ఎక్స్ఓ1 అనే ప్రోటీన్‌ను సూది వంటి నిర్మాణంతో మొక్క కణంలోకి ఎక్కిస్తుంది. దాని ఆకృతిని 2015లో పరిశీలించినప్పుడు అది జీటా అనే విషాల కుటుంబాన్ని పోలి ఉందనీ, దాని పక్కన ఏఆర్‌సీ1 అనే విరుగుడు ఉందనీ తెలిసింది. తన ఇంట్లో ఎదుగుదలను ఆపే విషాన్ని విరుగుడుతో కట్టిపెట్టుకొని, అదే విషాన్ని పొరుగింట్లోకి విరుగుడు లేకుండా పంపుతోందన్నమాట. మొక్కజొన్నలో ఆర్ఎక్స్ఓ1 అనే జన్యువు ఈ చొరబాటును పసిగట్టగలదు. ఆ జన్యువును వరిలోకి చేర్చినప్పుడు వరి కూడా పసిగట్టిందని 2005లోనే నిరూపించారు.

ప్రశ్న: విరుగుడును నాశనం చేసే మందు తయారు చేస్తే బ్యాక్టీరియా తన విషంతో తానే చస్తుంది కదా?
– ఒక డిగ్రీ విద్యార్థి, మహబూబ్‌నగర్

జవాబు: ఆలోచన మంచిదే, ప్రయోగశాలల్లో దాని మీద పని జరుగుతూనే ఉంది. చిక్కు ఏమిటంటే అటువంటి పదార్థం బ్యాక్టీరియా గోడ దాటి లోపలికి చేరాలి, చేరినా కణాన్ని చంపకుండా నిద్రపుచ్చి వదిలేస్తే మనం కోరినదానికి వ్యతిరేకమే జరుగుతుంది. పైగా ఈ జంటల్లో కొన్ని బ్యాక్టీరియాను వైరసుల నుంచి కాపాడతాయి. బంగాళాదుంప కాడను నల్లగా కుళ్లబెట్టే బ్యాక్టీరియాలో టాక్స్ఐఎన్ అనే జంటలో విరుగుడు ప్రోటీన్ కాదు, ఆర్ఎన్ఏ. వైరస్ సోకిన కణాన్ని ఆ విషం ఆపేస్తే, వైరస్ చుట్టుపక్కల కణాలకు పాకలేదు. 2009లో ప్రచురితమైన ఈ పరిశోధన చదివితే మీకు ఆసక్తి కలుగుతుంది.

విషాన్నీ విరుగుడునూ జంటగా వాడుకోవడం మాత్రం మన దేశంలోనే జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం తయారు చేసిన డీఎమ్‌హెచ్-11 అనే జన్యుమార్పిడి ఆవ సంకరంలో, ఒక నేల బ్యాక్టీరియా నుంచి తీసిన బార్నేస్ అనే విష ప్రోటీన్ సంకరానికి వాడే ఒక జనక రకం మొక్కల్లో పుప్పొడి తయారీని ఆపుతుంది, రెండో జనక రకం మొక్కల నుంచి వచ్చే బార్‌స్టార్ అనే విరుగుడు సంకర విత్తనపు మొక్కలో పుప్పొడిని తిరిగి నిలబెడుతుంది. దానికి పర్యావరణ విడుదల అనుమతి 2022 అక్టోబరులో లభించగా, ఆ అనుమతి మీద వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. తెగులును చంపే మందుగా ఇటువంటిది మార్కెట్లో ఏదీ లేదు. ఆ పేరు చెప్పి ఎవరైనా డబ్బా అమ్మజూపితే కొనవద్దు.