సత్తెనపల్లి లేని వావిలాల

అమ్మాయీ, ఆశీస్సులు.

ఒకప్పటి మన సత్తెనపల్లి ఎమ్మెల్యే వావిలాల గోపాలకృష్ణయ్య గారి మీద నువ్వు వ్యాసం రాసి పంపిన ఇరవై రెండు పేజీలూ అందాయి. రెండుసార్లు చదివాను. మొదటిసారి ఐదో పేజీ దగ్గర కళ్లజోడు తీసి బల్ల మీద పడేశాను. "1957 ఎన్నికల్లో కూడా ఆయన ఘన విజయం సాధించారు" అని రాశావు చూడు, అక్కడ.

1957లో ఆయన ఏ ఎన్నికలో గెలిచారమ్మా? ఆ ఏడు మన వైపు అసెంబ్లీ ఎన్నికలే లేవు. 1955లో ఆంధ్ర రాష్ట్ర శాసనసభకు గెలిచినవాళ్లే, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా 1962 దాకా కొనసాగారు. 1957లో అసెంబ్లీకి ఓటేసింది తెలంగాణ జిల్లాలవాళ్లు మాత్రమే. మనవాళ్లు ఆ ఏడు లోక్‌సభకు వేసి ఇంటికొచ్చారు. అంటే ఒక్క గెలుపు మీద ఏడేళ్లు నడిచింది! ఎమ్మెల్యే నచ్చినా నచ్చకపోయినా ఏడేళ్లు భరించాలి. ఇంత ఆసక్తికరమైన సంగతిని వదిలేసి, జరగని విజయాన్ని రాశావు. ఎందుకలా జరిగిందో నాకు తెలుసు. నీ బుర్రలో ఒక అచ్చు ఉంది. ఎన్నిక, ఘన విజయం, మళ్లీ ఎన్నిక, మళ్లీ ఘన విజయం. మధ్యలో ఒక గడి ఖాళీగా కనిపించేసరికి చెయ్యి ఆగలేదు.

వ్యాసం పేరు కూడా మార్చు. "ఓ మహనీయుడి రాజకీయ ప్రస్థానం" అట. ప్రస్థానం చేసింది పాండవులు, ఒక్కొక్కరూ దారిలో పడిపోయారు. ఈ మాటని పేపర్లవాళ్లు ఎప్పుడు పట్టుకొచ్చారో కానీ, వార్డు మెంబరు దగ్గర్నుంచి ముఖ్యమంత్రి దాకా అందరిదీ ప్రస్థానమే. వీళ్లే "అపర చాణక్యుడు" అనే మాటను కూడా అరగదీశారు. నేను ఆ మాట రాయనన్నందుకు ఒక ఆదివారం అనుబంధం సంపాదకుడు మూడు నెలలు నా వ్యాసం తొక్కిపెట్టాడు. సరే, ఆ గొడవ తర్వాత.

ఇంత తిట్టినవాణ్ణి రెండోసారి ఎందుకు చదివానంటావేమో. మూడో పేజీలో మీ తాతమ్మ ఉంది కాబట్టి. 1952లో మొదటి ఓటు వేయడానికి పెళ్లి చీర కట్టుకుని ఎడ్లబండెక్కి వెళ్లిందనీ, తిరిగొచ్చి చీర మార్చుకుని బిందె తీసుకుని చెరువుకి పోయిందనీ రాశావు. రెండే వాక్యాలు. నీ ఇరవై రెండు పేజీల్లో ప్రాణమున్నవి ఆ రెండే. దాని తర్వాత ఒక్క మాట కూడా కలపకుండా, "ఇక వావిలాల వారి బాల్యం విషయానికొస్తే" అని పరుగెత్తావు. నీ వ్యాసం మొత్తం ఆ బిందెలోనే ఉందే పిచ్చిపిల్లా!

పైగా అక్కడా ఒక తప్పు. మీ తాతమ్మ "ముద్ర వేసి" వచ్చింది అన్నావు. 1952లో ముద్ర ఎక్కడిది? అభ్యర్థికొక పెట్టె పెట్టేవారు. పెట్టె మీద అతని గుర్తు అంటించి ఉండేది. చీటీ మీద పేర్లూ గుర్తులూ ఉండవు. తెర చాటుకు వెళ్లి, తనకు కావలసిన బొమ్మ ఉన్న పెట్టెలో ఆ చీటీ వేసి రావాలి. చీటీ మీద ముద్ర గుద్దే పద్ధతి మనకు 1962 ఎన్నికల నాటికి వచ్చింది. మా అమ్మ ఆ పెట్టెకు దణ్ణం పెట్టి మరీ వేసిందట. "ఎవరి పెట్టెకే?" అని నాన్న అడిగితే, "దణ్ణం అన్నిటికీ పెట్టాను, చీటీ ఒక్కదాంట్లోనే వేశాను" అందట. ఏ దాంట్లోనో చచ్చినా చెప్పలేదు.

ఇప్పుడు అసలు సంగతి. నన్ను నీళ్ల పిచ్చి ముసలాడని మా వాళ్లంతా అంటారు, నువ్వూ అనుకో. ఒక ఎమ్మెల్యే గురించి రాయాలంటే ముందు అతని నియోజకవర్గం తాగే నీళ్ల గురించి రాయాలి. అతను ఎక్కడ పుట్టాడో, ఏం చదివాడో, ఎన్నిసార్లు జైలుకెళ్లాడో తర్వాత సంగతి. ఆ నేల ఏం పండేది, బావి ఎన్ని బారలు తవ్వితే తడి తగిలేది, ఎండాకాలం ఆడవాళ్లు ఎంత దూరం నడిచేవాళ్లు? ఇవి తెలిస్తే ఆ ఊరు అతన్నే ఎందుకు పంపిందో అర్థమవుతుంది. నీ వ్యాసంలో వావిలాల ఉన్నారు, సత్తెనపల్లి లేదు. "గుంటూరు జిల్లా సత్తెనపల్లి నియోజకవర్గం నుంచి నాలుగుసార్లు" అని ఒక ముక్క రాసి వదిలేశావు. ఇప్పుడది పల్నాడు జిల్లాలోకి వెళ్లిందని కూడా రాయలేదు.

మాది ఆ పక్క ఊరే. నా చిన్నప్పుడు వరి అన్నం పండక్కి వండేవాళ్లు. మిగతా రోజులు జొన్నకూడు. మంచినీళ్ల చెరువు ఎండాకాలానికి అడుగంటేది. మా అమ్మ బిందె మూతికి గుడ్డ కట్టి వడగట్టేది, గుడ్డలో మిగిలిన నాచు, పురుగుల్ని గట్టు మీద దులిపేది. పక్కన కొన్ని మైళ్లలో కృష్ణ పోతుండేది. ఆ కృష్ణ నీళ్లను పెన్న మీదుగా తమిళ జిల్లాలకు మళ్లించే ఆలోచన అప్పటి మద్రాసు ప్రభుత్వానికి ఉండేది. దాన్ని కాదని నందికొండ దగ్గర ఆనకట్ట కావాలని అడిగినవాళ్లు ఎందరో. ముక్త్యాల జమీందారు రాజా గారు ఆస్తిని, ఆరోగ్యాన్ని లెక్కచేయకుండా తిరిగారు. సభలోపలా బయటా గొంతెత్తినవాళ్లలో వావిలాల ఒకరు. ఈ సంగతి తేల్చడానికి వేసిన ఖోస్లా కమిటీ నందికొండకే మొగ్గింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ వచ్చి అక్కడే నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఈ తేదీలు నువ్వూ రాశావు, కాదనను. కానీ పందొమ్మిదో పేజీలో, "ఇతర విశేషాలు" అనే శీర్షిక కింద! శంకుస్థాపన ఆయన రెండో విడతలో, నీళ్లు నాలుగో విడతలో. మధ్యలో రెండు ఎన్నికలు. "ఏదీ నీళ్లు?" అని అడిగే ఊళ్లకు ఆ పన్నెండేళ్లూ ఆయన మొహం ఎలా చూపించారు? నువ్వు రాయాల్సింది ఇది.

మా పిల్లకాలువకు నీళ్లు రావడానికి ఆ తర్వాత ఇంకా కొన్నేళ్లు పట్టింది. ఆ రోజు నేను చూశాను. ముందు నీళ్లు రాలేదు, నురగ వచ్చింది. ఎండుటాకులు, చీమలు, పుల్లలు, వాటిని నెట్టుకుంటూ ఎర్రటి నురగ, మనిషి నడిచేంత వేగంతో. పిల్లలు దాని ముందు వెనక్కి నడుస్తూ వచ్చారు. ఆడవాళ్లు పసుపు కుంకుమ వేశారు. మా అమ్మ బిందె తెచ్చింది కానీ ముంచలేదు. గట్టు మీద పెట్టుకుని చూస్తూ కూర్చుంది. మర్నాటికే తూము దగ్గర ఇద్దరు అన్నదమ్ములు పారలతో కొట్టుకున్నారనుకో, అది వేరే కథ.

ఈ దృశ్యం రాసి పంపితే ఆ ఆదివారం అనుబంధం ఆయన ఏం చేశాడో తెలుసా? కాలువ కత్తిరించి, నాయకుడి ఫొటో పెద్దది చేశాడు. "పాఠకులకు మనిషి కావాలండీ, మట్టి కాదు" అన్నాడు. అప్పట్లో నేను కంట్రిబ్యూటర్ని. వార్తలు కోసి అతికించి, స్కేలుతో కొలిచి, సెంటీమీటర్ల లెక్కన బిల్లు పంపేవాణ్ణి. కాలువ పోయింది కాబట్టి ఆ సెంటీమీటర్లూ పోయాయి. ఫొటోకి నాకు డబ్బులుండవు.

నీ వ్యాసంలో నిరాడంబరత నాలుగు పేజీలుంది. ఖద్దరు, చేతిసంచి, ఆంధ్రా గాంధీ. నిజమే, కాదన్నవాడెవడు? కానీ ఇలాంటివాళ్లను ఋషుల్ని చేసి గోడకు తగిలించడం మనకు సులువు. ఋషిని ఎవరూ ప్రశ్నలడగరు, ఆయన రాజకీయం ఎలా నెగ్గుకొచ్చాడని ఆలోచించరు. 1955 ఎన్నికలు గుర్తు చేసుకో. అధికారం తమదేననుకున్న కమ్యూనిస్టులు 196 స్థానాల సభలో 15కి పడిపోయారు. కాంగ్రెసు కూటమి గాలి అలా వీచింది. ఆ గాలిలో కాంగ్రెసువాడు కాని మనిషి సత్తెనపల్లిలో నిలబడి గెలిచాడు. సంచి చూసి ఓటేశారా? నేను నమ్మను.

ఇండిపెండెంటు అంటే ఏమిటో ఒక్క పేరా రాసి ఉండాల్సింది. పార్టీవాడికి గుర్తు ఎప్పుడూ ఒకటే, ఇండిపెండెంటుకి ఎన్నికకో కొత్త గుర్తు రావచ్చు. చదువురాని ఊళ్లలో ఆ కొత్త బొమ్మను నేర్పడమే సగం ప్రచారం. సభలో విప్, అంటే ఇలాగే ఓటెయ్యాలనే పార్టీ ఆజ్ఞ, ఉండదు, నిజమే. కానీ మాట్లాడే సమయం పార్టీల బలాన్ని బట్టి పంచితే మిగిలింది ఒంటరివాడికి. అందుకే అలాంటివాళ్లకు ప్రశ్నోత్తరాలే ఆయుధం. చిన్న ప్రశ్న వేసి మంత్రి చేత రికార్డులో ఒక తేదీ చెప్పించాలి, మళ్లీ సమావేశంలో ఆ తేదీనే పట్టుకుని అడగాలి. అసెంబ్లీ చర్చల సంపుటాలు ఉన్నాయి. దుమ్ము పీల్చి, తుమ్ముకుంటూ చదవాలి. ఎవరో రాసిన స్మారక సంచిక చూసి రాసేస్తే 1957 విజయాలు ఇలాగే పుట్టుకొస్తాయి.

ఇంకొకటి. ఆయన ఒకే సత్తెనపల్లి నుంచి మూడు రాజధానులకు వెళ్లారు. 1952లో మద్రాసు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డ 1953 అక్టోబరు 1 తర్వాత కర్నూలు, ఆఫీసులు గుడారాల్లో నడిచిన ఊరు. తర్వాత హైదరాబాదు. నియోజకవర్గం కదల్లేదు, రాజధాని మాత్రం తిరుగుతూ ఉంది. పని పడి ఎమ్మెల్యే దగ్గరకు వెళ్లే రైతు ఏ బండెక్కాడు, ఎక్కడ పడుకున్నాడు? ఇది కనుక్కుంటే నీకు ఒక అధ్యాయం.

అధికార భాషా సంఘం గురించి నువ్వు రాసిన భాగం పరవాలేదు. 1974లో సంఘం పెట్టినప్పుడు తొలి అధ్యక్షుడు ఆయనే అన్నావు, సరిగ్గానే ఉంది. కానీ అక్కడ "భాషాభిమాని" అని ఆగిపోయావు. మా నాన్నకు ఒకసారి ఇంగ్లీషులో నోటీసు వచ్చింది. టైపు కొట్టిన కాగితం, కింద ఊదా రంగు సీలు. ఇంట్లో ఎవరికీ చదవడం రాదు. దాన్ని పంచె కొంగులో కట్టుకుని రెండు ఊళ్లు నడిచి, చదివిపెట్టినవాడికి పావలా ఇచ్చి వచ్చాడు. అది నీటి తీరువా, అంటే సాగునీటి పన్ను బాకీ. బాకీ కన్నా, ఏముందో తెలియక రాత్రంతా పడ్డ టెన్షనే ఎక్కువ. నీళ్ల కోసం కొట్లాడిన మనిషి, ఆ నీళ్ల తీరువా కాగితం తెలుగులో ఉండాలని తిరగడం నాకు వింతగా అనిపించలేదు. నీకూ అనిపించకూడదు. రెండూ ఒకే పని.

1972 ఎన్నికల తర్వాతి సభలో ఆయన లేరు. 2003 ఏప్రిల్ 29న పోయారు. ఆ ముప్పై ఒక్క ఏళ్లకూ నీ వ్యాసంలో ఆరు లైన్లు, అందులో రెండు పద్మభూషణ్‌కి. నాకొక అనుమానం ఉంది, రుజువు లేదు కాబట్టి నీకు మాత్రమే చెబుతున్నా. కాలువ వచ్చాక ఊళ్లలో డబ్బు కదిలింది. డబ్బు కదిలాక ఎన్నికలకు ఖర్చు పెట్టేవాళ్లు తయారయ్యారు. నీళ్లు తెమ్మని పంపిన మనిషితో, నీళ్లొచ్చాక ఊరికి పనేముంటుంది? తప్పయితే తప్పని నిరూపించు, సంతోషిస్తా.

పుస్తకం ఎవరు వేస్తారు, ఎన్ని కాపీలు పోతాయి, ముందుమాట రాస్తారా అని అడిగావు. వాటికి మళ్లీ ఎప్పుడైనా రాస్తాను. మీ యాసలో రాయాలా వద్దా అన్నదానికి కూడా.

నీ కాగితాలు ఇదే కవరులో తిప్పి పంపుతున్నాను. మూడో పేజీ మూల మడిచాను, అక్కణ్ణుంచి మొదలుపెట్టు. ముందు మాచర్ల రైలెక్కి ఊరికి వెళ్లు. మీ తాతమ్మకు తొంభై దాటాయన్నావు, దసరా సెలవుల దాకా ఆగకు. ఆ రోజు బండి ఎవరు తోలారు, చెరువుకి ఎంత దూరం, పెట్టె మీద ఏ బొమ్మ ఉంది, అడుగు. బొమ్మ గుర్తుంటే నాకు వెంటనే ఒక కార్డు ముక్క రాసెయ్. మా అమ్మని అడగడం నేను ఆలస్యం చేశాను.